చదరంగపు గళ్ళ సంఖ్య: జబ్బలు చరచుకోవడం చాలు, లెక్క చేద్దాం

18446744073709551615. ఇరవై అంకెల సంఖ్య. చదరంగపు బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ దానిలో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టింపు చేసుకుంటూ అరవై నాలుగు గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని గింజలన్న ప్రశ్నకు ఇది జవాబు. పావులూరి మల్లన గణితంలోనిదిగా ప్రసిద్ధి చెందిన ఒక చంపకమాలలో ఈ ఇరవై అంకెలూ భూతసంఖ్యలుగా కూర్చి ఉన్నాయి. శశి అంటే ఒకటి, వేదమంటే నాలుగు, శరమంటే ఐదు, గిరి అంటే ఏడు, గగనమంటే సున్న. అంకెల నడక ఎడమవైపుకు గనుక పద్యంలో మొదటి మాట ఒకట్ల స్థానం, చివరి మాట అన్నిటికన్నా పెద్ద స్థానం.

ఈ పద్యం తెలుగు అంతర్జాలానికి కొత్త కాదు. వేగుల్లో తిరిగింది, బ్లాగుల్లో తిరిగింది, ఇప్పుడు చరవాణుల్లో తిరుగుతోంది. తిరగడం మంచిదే. నా పేచీ పద్యంతో కాదు, కవితో అంతకన్నా కాదు. ఎక్కడికి వెళ్ళినా దాని వెంట వేలాడుతూ వచ్చే మూడు తోకలతోనే. ఒకటి: ప్రపంచంలో ఈ సంఖ్య మొట్టమొదట మనకే తెలుసు. రెండు: నేటి అరవై నాలుగు బిట్ల కంప్యూటరు హద్దు మనవాడికి వెయ్యేళ్ళ నాడే తెలుసు. మూడు: ఇంత పెద్ద సంఖ్యను యంత్రం లేకుండా రాబట్టడం మానవమాత్రులకు సాధ్యం కాదు, కాబట్టి ఇదొక దైవిక అద్భుతం. ఈ మూడూ చూడటానికి పొగడ్తల్లా ఉన్నా మూడూ ఆ పద్యానికి అపచారాలే. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి తోక. మల్లనను సాధారణంగా పదకొండవ శతాబ్దపు వాడిగా, నన్నయకు సమకాలికుడిగా చెబుతారు. కాలనిర్ణయంలో పండితులకు భేదాభిప్రాయాలున్నాయి. ఆయన గ్రంథం తొమ్మిదవ శతాబ్దపు జైన గణితవేత్త మహావీరాచార్యుని గణితసారసంగ్రహానికి తెలుగు చేత. ఖ్వారజ్మ్ దేశీయుడైన అల్ బిరూనీ 973లో పుట్టాడు. ఆయన క్రీ.శ. 1000 ప్రాంతంలో ప్రాచీన జాతుల కాలగణనను గురించి రాసిన అరబ్బీ గ్రంథంలో సరిగ్గా ఈ చదరంగపు మొత్తాన్నే, ఈ ఇరవై అంకెలనే లెక్కించి చూపాడు. ఇక "మొట్టమొదట మనకే" అన్న మాట ఎక్కడ నిలుస్తుంది? అల్ బిరూనీ భారతదేశపు శాస్త్రాలను శ్రద్ధగా చదివినవాడు. అంకెలూ చదరంగమూ ఈ నేల నుండి పడమరకు ప్రయాణించినవే. సరిహద్దులు దాటి నడిచిన విద్యకు పరుగుపందెపు పతకం తొడగబోవడం ఆ విద్య స్వభావం తెలియని పని. మల్లన గొప్పదనం ముందుగా చెప్పడంలో లేదు, తెలుగులో చెప్పడంలో ఉంది. భారతాంధ్రీకరణంతో కావ్యభాష రూపు దిద్దుకొంటున్న కాలంలో లెక్కలను దేశిభాషలో పద్యాలుగా పెట్టడానికి పూనుకున్నాడే, అది చాలదూ? లేని కిరీటం తొడిగితే ఉన్న తలపాగా కూడా జారిపోతుంది.

రెండవ తోక ఇంకా విచిత్రం. అరవై నాలుగు బిట్ల కంప్యూటరులో రుణగుర్తు లేకుండా రాయగల అతిపెద్ద పూర్ణసంఖ్య ఇదేనన్న మాట నిజం. దానికి ఒకటి కలిపితే యంత్రం మళ్ళీ సున్నకు వస్తుందన్నదీ నిజం. అయితే కారణమేమిటి? ఒక్కో బిట్టుకు రెండే స్థితులు. అరవై నాలుగు చోట్ల రెండేసి వీలుంటే మొత్తం వీలు రెండును అరవై నాలుగు సార్లు వేసి గుణించినంత, అంటే 2^64. సున్నతో మొదలుపెడితే చివరిది అంతకు ఒకటి తక్కువ. చదరంగంలోనూ అరవై నాలుగు రెట్టింపులే. రెండు లెక్కలకూ జవాబు ఒకటే కావడం జోస్యం కాదు, గణితం. ఈ తర్కంతో అయితే అల్ బిరూనీకీ కంప్యూటరు తెలిసినట్టే. అంతేనా? 1883లో ఎడ్వర్డ్ ల్యూకా అనే ఫ్రెంచి గణితవేత్త ఒక ఆటబొమ్మను ప్రచారంలోకి తెచ్చాడు: మూడు కడ్డీలు, వాటి మీద బిళ్ళలు. బిళ్ళలు అరవై నాలుగైతే వాటిని ఒక కడ్డీ నుండి మరో కడ్డీకి నియమం ప్రకారం మార్చడానికి కావలసిన ఎత్తులు సరిగ్గా ఇన్నే. ఆ ఆట వెంట కాశీలో ఒక గుడి, బంగారు బిళ్ళలు, వాటిని రేయింబవళ్ళు మార్చే పూజారులు అంటూ ఒక కథ ఐరోపాలో పుట్టి వ్యాపించింది. ఆటకు అలంకారంగా అల్లిన ఆ కథను ఇవాళ మనవాళ్ళే పురాణరహస్యంగా పంచుకొంటున్నారు. పరాయివాడు సరదాకు తొడిగిన వేషాన్ని మన కులదైవంగా పూజిస్తున్నామన్నమాట. క్షణానికొక బిళ్ళ మార్చినా పని పూర్తి కావడానికి సుమారు 58 వేల కోట్ల సంవత్సరాలు పడుతుంది. అదొక చక్కని లెక్క. దానికి గుడి అవసరం లేదు.

మూడవ తోక అన్నిటికన్నా హానికరం. "యంత్రం లేకుండా అసాధ్యం" అనడమంటే మన పూర్వులకు పద్ధతి తెలియదని ఒప్పుకోవడమే! పద్ధతి ఉంది. అది పింగళుని ఛందశ్శాస్త్రంలోనే ఉంది. రెండును ఎన్నిసార్లు వేసి గుణించాలో ఆ సంఖ్య సరిసంఖ్య అయితే సగం చెయ్యి, ఆ చోట వర్గం చెయ్యాలని గుర్తు పెట్టుకో. బేసి అయితే ఒకటి తీసెయ్యి, ఆ చోట రెట్టింపు చెయ్యాలని గుర్తు పెట్టుకో. 64ను సగం చేస్తూ పోతే 32, 16, 8, 4, 2, 1. ఇక వెనక్కు రండి. 2కు వర్గం 4, దాని వర్గం 16, దాని వర్గం 256, దాని వర్గం 65536, దాని వర్గం 4294967296, దాని వర్గం 18446744073709551616. ఒకటి తీసివేస్తే మన సంఖ్య. ఆరు వర్గాలు, ఒక తీసివేత. అరవై మూడు రెట్టింపులు అక్కరలేదు. చివరి వర్గం ఒక్కటే కాస్త శ్రమ: పదంకెల సంఖ్యను దానితోనే గుణించాలి. ఓపిక ఉన్న పదో తరగతి విద్యార్థి ఒక పూటలో చెయ్యగలడు. ఇది మానవాతీతం కాదు. మానవులు కనిపెట్టినది, మానవులు నేర్పగలిగినది. అదే దాని గొప్ప.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ పద్యాన్ని ముందుకు తోసిన వేలమందిలో అందులోని అంకెలు సరైనవో కావో చూసినవారెందరు? ఎత్తిరాసేటప్పుడు ఒక మాట మారితే? ఛందస్సు కొంత కాపలా కాస్తుంది, నిజమే. గణం చెడితే చెవికి తెలుస్తుంది. కానీ గిరి అన్న చోట శశి అని పడితే? రెండూ రెండేసి లఘువులే. గణం చెడదు, ఏడు కాస్తా ఒకటైపోతుంది. వేద అన్న చోట చంద్ర అని పడినా అంతే. అప్పుడు కాపలా కాయవలసింది గణితం.

తొమ్మిదితో పరీక్ష చూడండి. 2ను ఆరుసార్లు వేసి గుణిస్తే 64; తొమ్మిదితో భాగిస్తే శేషం 1. అరవై నాలుగులో ఆర్లు పది, మిగిలినవి నాలుగు. కాబట్టి 2^64కు శేషం 16కు వచ్చేదే, అంటే 7. ఒకటి తీస్తే 6. మరి పద్యంలోని ఇరవై అంకెలూ కూడండి: 87 వస్తుంది. ఎనిమిదీ ఏడూ పదిహేను, ఒకటీ ఐదూ ఆరు. సరిపోయింది. అయితే పక్కపక్క మాటలు తారుమారైతే ఈ పరీక్షకు దొరకదు, మొత్తం మారదు గనుక. దానికి పదకొండు ఉంది. 1024ను పదకొండుతో భాగిస్తే శేషం 1. అరవై నాలుగులో పదులు ఆరు పోగా మిగిలినవి నాలుగు. 16కు శేషం 5, ఒకటి తీస్తే 4. అంకెలను కుడి నుండి ఒకటి విడిచి ఒకటి కూడితే 62, విడిచినవి కూడితే 25, తేడా 37, దాని శేషం 4. ఇదీ సరిపోయింది. పరిమాణం కూడా ఇట్టే చూడవచ్చు. 1024 వెయ్యి కన్నా కాస్త ఎక్కువ. ఆరు 1024లను గుణిస్తే ఒకటి పక్కన పద్దెనిమిది సున్నల కన్నా ఆరింట ఒక వంతుకు కాస్త తక్కువగా ఎక్కువ. దాన్ని మిగిలిన 16తో గుణిస్తే పద్దెనిమిదిన్నర పక్కన పద్దెనిమిది సున్నలకు దగ్గరగా వస్తుంది. ఇరవై అంకెలు, మొదట పద్దెనిమిది: ఏ గుణకారమూ పూర్తిగా చెయ్యకుండానే తెలిసింది.

గింజల సంగతీ చెబుతాను. బియ్యపు గింజ ఇరవై మిల్లీగ్రాములనుకుంటే ఈ మొత్తం సుమారు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిపి ఏడాదికి పండే బియ్యం ఇప్పుడు ఇంచుమించు 50 కోట్ల టన్నులు. అంటే ఏడు వందల ఏళ్ళకు పైబడిన పంట. రాజుగారు వరమిచ్చి ఎందుకు నోరు వెళ్ళబెట్టాడో ఇప్పుడు తెలుస్తుంది. "చాలా పెద్ద సంఖ్య" అనే మాటకు బరువు ఇలా వస్తుంది గాని ఆశ్చర్యార్థకాల వరుసతో రాదు.

ఇంకొక అడుగు లోపలికి వెళదాం. వర్గాల భేదం మనమంతా బడిలో నేర్చినదే: ఒక సంఖ్య వర్గంలో నుండి ఒకటి తీస్తే, ఆ సంఖ్యకు ఒకటి కలిపినదీ ఒకటి తీసినదీ గుణించినంత. మన సంఖ్య ఒక వర్గానికి ఒకటి తక్కువ కాబట్టి 4294967297 × 4294967295గా విడిపోతుంది. రెండవది మళ్ళీ వర్గానికి ఒకటి తక్కువ, అదీ విడిపోతుంది. చివరికి మిగిలేది 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297. ఎంత అందమైన వరుసో చూడండి: ఆరు వర్గాల మెట్లెక్కి పైకి వచ్చిన సంఖ్య దిగేటప్పుడు కూడా ఆరు మెట్లే దిగింది.

ఈ ఆరింటిలో మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలు. ఆరవది? ఇటువంటివన్నీ ప్రధానాలేనని పియెర్ ద ఫెర్మా 1640లో తన నమ్మకంగా రాశాడు. ఫెర్మా సామాన్యుడు కాడు. ఆ శతాబ్దపు గణితవేత్తలలో మేటి. తొంభై రెండేళ్ళ తరువాత, 1732లో, ఆయిలర్ ఆ ఆరవదాన్ని విరిచి చూపాడు: 4294967297 = 641 × 6700417. కారణం ఇప్పుడు నాలుగు వాక్యాల్లో చెప్పుకోవచ్చు. 641 అంటే 5 × 128కి ఒకటి ఎక్కువ. కాబట్టి 5 × 128 యొక్క నాలుగవ ఘాతంలో నుండి ఒకటి తీస్తే వచ్చేదాన్ని 641 భాగిస్తుంది. 641 అంటే 625, 16ల మొత్తం కూడా, అంటే 5, 2ల నాలుగవ ఘాతాల మొత్తం. దాన్ని 2^28తో గుణించినా 641 భాగిస్తుంది. ఈ రెండో రాశిలో నుండి మొదటి రాశి తీసివేస్తే మిగిలేది 2^32 + 1, అంటే మన 4294967297. రెంటినీ భాగించేది వాటి తేడానూ భాగించి తీరాలి గదా.

ఈ కథ ఎందుకు చెప్పానో చదువరులు గ్రహించే ఉంటారు. ఫెర్మా పేరు ఎంత పెద్దదైనా ఆయన మాటను లెక్కకు నిలబెట్టి చూశారు. నిలవలేదు. అందువల్ల ఫెర్మా చిన్నబోలేదు. ఆ పరీక్ష నుండి కొత్త గణితం పుట్టింది. ఇవాళ్టికీ ఆ వరుసలో మనకు తెలిసిన ప్రధానాలు ఆ మొదటి ఐదే. గౌరవమంటే అది. పెద్దల మాటను పటం కట్టి గోడకు తగిలించడం గౌరవం కాదు, దాన్ని అక్కరలేనిదిగా చెయ్యడానికి మర్యాదగల మార్గం. మన పద్యంలోని సంఖ్యను 641 భాగిస్తుందన్నది అందులోనే దాగి ఉన్న సత్యం. కవికి అది తెలిసి ఉండనక్కరలేదు. తవ్వుకోవలసింది మనం.

ఇక సాహిత్యాభిమానులకు నేను చెప్పదలచుకొన్నది. "ఇదంతా లెక్కల గోల, మాకు పద్యం చాలు" అనేవారు ఒక్క క్షణం ఆగాలి. ఆ పద్యం చంపకమాల అని మొదట్లోనే చెప్పాను. చంపకమాలకు పాదానికి ఇరవై ఒక్క అక్షరాలు. ఒక్కో అక్షరం గురువో లఘువో కావాలి గనుక ఇరవై ఒక్క అక్షరాల పాదాలు మొత్తం 2^21, అంటే 20,97,152 రకాలు. ప్రస్తారంలో వాటన్నిటికీ వరుస సంఖ్యలున్నాయి. సంఖ్య కనుక్కొనే ఉద్దిష్ట పద్ధతి ఇది: అక్షరాల మీద ఎడమ నుండి 1, 2, 4, 8 అని రెట్టింపులు రాసుకో, లఘువుల మీద ఉన్నవి కూడు, ఒకటి కలుపు. ఉత్పలమాలకు చేసి చూడండి: ఇరవై అక్షరాల వృత్తాలలో అది 3,55,799వది. దాని మొదటి గురువును రెండు లఘువులుగా విడగొడితే చంపకమాల. అప్పుడు మిగతా లఘువులన్నీ ఒక్కో చోటు కుడికి జరుగుతాయి, అంటే వాటి విలువలు రెట్టింపవుతాయి, ముందు 1, 2 కొత్తగా చేరతాయి. 3,55,798కి రెట్టింపు 7,11,596. మూడు కలిపి, చివరి ఒకటీ కలిపితే 7,11,600. లక్షణ గ్రంథాలు చంపకమాలకు చెప్పే సంఖ్య అదే.

అంటే రెట్టింపుల మొత్తాన్ని చెప్పే ఆ పద్యం, రెట్టింపుల లెక్కలోనే తనకంటూ ఒక స్థానమున్న వృత్తంలో ఉంది. ఒకటి నుండి ఇరవై ఆరు అక్షరాల దాకా ఉన్న సమవృత్తాలన్నీ 13,42,17,726 అని మన ఛందస్సులు చెప్పేది కూడా ఇదే శ్రేఢి మొత్తం: 2^27లో రెండు తక్కువ. చదరంగపు బల్ల మన పద్యాల కిందనే పరచి ఉంది. యతిప్రాసలు కుదరడానికి కవి ఒకే అంకెకు పక్కపక్కనే వేరు వేరు పర్యాయపదాలు ఎంచుకోవలసి వచ్చింది. అంకెల వరుస కవి చేతిలో లేదు, గణాల వరుసా లేదు. ఉన్న స్వేచ్ఛ పర్యాయపదాలలోనే. ఆ ఇరుకులో నడిచిన నడకను చూడకుండా "కంప్యూటరు తెలిసిన కవి" అని బిరుదివ్వడం, వీణ విని పెట్టె బాగుందని మెచ్చుకోవడం వంటిది.

"మన గొప్పను మనవాళ్ళే తక్కువ చేస్తున్నారు" అన్న ఆక్షేపణ రానే వస్తుంది. అయ్యా, తక్కువ చేస్తున్నదెవరు? రుజువుకు నిలవని మూడు మాటలు తగిలించి పంపితే చదివిన తెలివైన కుర్రవాడు ఏం చేస్తాడు? మొదటి మాట అబద్ధమని ఐదు నిమిషాల్లో తేల్చుకుంటాడు. ఆ తరువాత పద్యాన్ని కూడా ఆ అబద్ధాల గంపలోనే పారేస్తాడు. నష్టపోయేది మల్లన. మరో కుర్రవాడు అన్నీ నమ్మేస్తాడు; ఇది దైవికం గనుక తనవల్ల కాదని ఊరుకుంటాడు. నష్టపోయేది వాడు. బళ్ళలో, సభల్లో ఈ పద్యం అప్పజెప్పించి చప్పట్లు కొట్టేవారు ఆ పిల్లకు ఒక్కసారైనా ఆరు వర్గాలు చేయించారా? చేయిస్తే ఆ పిల్ల చప్పట్ల కోసం ఎదురుచూడదు. తనకే తెలుస్తుంది.

కాబట్టి నా విన్నపం, కాదు, నా పట్టు ఒకటే. ఈ పద్యాన్ని ఇకమీదట ఎవరు పంచుకొన్నా ఆ మూడు తోకలూ కత్తిరించి, వాటి చోట తొమ్మిది పరీక్ష ఒక్కటి రాయండి. నాలుగు పంక్తులు చాలు. అది రాయడానికి ఓపిక లేదంటారా, పద్యం పంపడానికీ ఓపిక లేదనుకోండి.

చివరగా చదువరులకు ఒక పని. పందొమ్మిది అక్షరాల వృత్తాలలో శార్దూలవిక్రీడితం 1,49,337వది. దాని మొదటి గురువును రెండు లఘువులు చేస్తే మత్తేభవిక్రీడితం. మత్తేభం వరుస సంఖ్య ఎంత? వెతికి కాదు, చేసి చెప్పండి.